కొల్లేరుకి పులిహోర పొట్లాలు ఎందుకు?

మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో సంక్రాంతి దాటాక కొల్లేరు వెళ్దామనుకున్నారు. ఎవరి కారు, ఎన్ని సీట్లు, పెద్ద కెమెరా ఎవరు తెస్తారు, ఇవన్నీ మగవాళ్లు తేల్చేశారు. ఆఖర్న ఆడవాళ్ల వంతు ఒక్క లైనులో వచ్చింది. వదిన పులిహోర, అత్తయ్య గారెలు, పిన్ని పెరుగన్నం. మొత్తం 14 మందికి. బయల్దేరే టైము ఉదయం ఎనిమిది. అవన్నీ అయ్యేసరికి ఎనిమిదవుతుంది కదా మరి!

నన్నడిగితే అది పక్షుల్ని చూసే ప్రయాణం కాదు. వంటింటిని డిక్కీలో పెట్టుకుని చెరువుగట్టుకి మోసుకెళ్లడం.

పక్షుల్ని చూడాలంటే పొద్దు పొడిచే వేళకి అక్కడుండాలి. అవి మేతకి బయల్దేరేదీ, బాగా తిరిగేదీ, కూసేదీ అప్పుడే. బెజవాడ నుంచి కైకలూరు రెండు గంటల దారి. ఎనిమిదికి బయల్దేరి మధ్యలో కాఫీలకి ఆగితే చేరేసరికి పదిన్నర. ఎండ నెత్తికెక్కి, నీళ్ల మెరుపు కళ్లలో పొడుస్తుంటుంది. మగవాళ్లు నాలుగు ఫోటోలు తీసి, "ఆకలేస్తోంది, విప్పండి" అంటారు. మనం దుప్పటి పరిచి ప్లేట్లు సర్దుతాం. సాయంత్రం ఇంటికొచ్చి గిన్నెలు తోముతాం. అందులో మనం చూసిన పక్షులెన్ని?

ఐదున్నర నుంచి తొమ్మిది దాకా ఏ ఇంట్లో చూసినా ఆడవాళ్లు ఎక్కడుంటారో చెప్పక్కర్లేదు. పాలు, టిఫిను, క్యారేజీలు, యూనిఫాములు. ఇంటి ఆడదాని పొద్దున్న మీద ఆమెకి తప్ప అందరికీ హక్కుంటుంది. పక్షులు కనబడేది సరిగ్గా ఆ గంటల్లోనే. అందుకే ఈ గొడవ గారెల గురించి కాదు, ఆ పొద్దున్న గురించి.

"మనవాళ్లకి మనం వండిపెట్టుకోవడం కూడా తప్పేనా?" అంటారు పెద్దవాళ్లు. తప్పు కాదండీ. నేనూ రోజూ వండుతాను, ఇష్టంగానే వండుతాను. ఏడాదికి 365 పొద్దున్నల్లో ఒక్కటి అడుగుతున్నాను, అంతే. బయట తిండి పిల్లలకి పడదంటారా? సాయంత్రమైతే బండి మీద మంచూరియా తినేది ఆ పిల్లలే. కైకలూరు ఇడ్లీ వాళ్లనేం చెయ్యదు.

"ఆడవాళ్లకి పక్షుల సంగతేం తెలుసు?" అనేవాళ్లూ ఉన్నారు. మన దేశంలో పక్షుల్ని చూడడం ఎలాగో చెబుతూ 1970లో నేషనల్ బుక్ ట్రస్టుకి 'వాచింగ్ బర్డ్స్' రాసిన జమాల్ ఆరా ఆడమనిషే. అమెరికాలో ఫీబీ స్నెట్సింగర్ నలుగురు పిల్లల తల్లి, గృహిణి. 1965లో పక్కింటావిడ బైనాక్యులర్ చేతికిచ్చి ఒక పిట్టని చూపించింది. ఆ తర్వాత ఆవిడ ప్రపంచమంతా తిరిగి ఎనిమిది వేలకి పైగా పక్షి జాతుల్ని చూసింది. బైనాక్యులర్ చేతికొస్తే చాలు, మిగతాది మనమే నేర్చుకుంటాం.

కొల్లేరు చూడకుండా వదులుకోవలసిన చోటు కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉంది. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు ఇందులోకి దిగి, ఉప్పుటేరు మీదుగా సముద్రంలో కలుస్తాయి. 1999లో అభయారణ్యం అయింది, 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాకెక్కింది. చేపల చెరువులు మింగగా మిగిలిన నీళ్లలో, కైకలూరు పక్కన ఆటపాక దగ్గర గూడబాతులు గుంపులుగా గూళ్లు కడతాయి. పెలికాన్లంటారే, అవే. చెట్లు చాలక అటవీశాఖ వేసిన ఇనప స్టాండ్ల మీద కూడా కడతాయి. పిల్లలు పెద్దపక్షి నోట్లోకి తల దూర్చి చేపలు తింటాయి. వాటిలో గుడ్లు పొదగడం, పిల్లలకి మేత పెట్టడం తల్లీ తండ్రీ ఇద్దరి పనీను. ఈ ముక్క ఇంట్లో కాస్త గట్టిగా చదవండి.

కాబట్టి ప్లాను మనమే వేద్దాం. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్లాలి. ముందు రోజు రాత్రే కైకలూరులోనో ఏలూరులోనో దిగాలి, గది అద్దె దగ్గర పీనాసితనం వద్దు. ఆటపాక గేటు ఎన్నింటికి తీస్తారో, పడవ నడుస్తోందో లేదో, ఆడవాళ్లకి బాత్రూము ఉందో లేదో ముందే ఫోను చేసి కనుక్కోవాలి. బాత్రూము లేదని పొద్దుటి నుంచీ మంచినీళ్లు తాగకుండా కూర్చునే అలవాటు మనకుంది, అది ఇక మానాలి. ముదురు ఎరుపు, మెరుపు చీరలు వద్దు, మట్టిరంగు బట్టలు చాలు. స్పీకరులో పాటలు వద్దు, డ్రోన్ అసలే వద్దు, గూళ్ల మీద పక్షులు బెదిరి లేచిపోతాయి.

అన్నిటికంటే ముఖ్యం, ఇంటికి ఒకటే బైనాక్యులర్ ఉంటే అది ముందు మీ మెడలో ఉండాలి. అడిగినవాళ్లకి మీరు చూశాకే ఇవ్వండి.