బ్లూరే ప్లేయరు: అవసరమా, దుబారానా?

 

గత నెల మాకు అందిన ఉత్తరాలలో కడప జిల్లాకు చెందిన ఒక సోదరి రాసినది ఉంది. ఆమె పెద్ద కుమారుడు కువైట్‌లో పనిచేస్తున్నాడు. ఈసారి సెలవుకు వచ్చేటప్పుడు ఇంటికి ‘4కె బ్లూరే’ ప్లేయరు, దానితోపాటు కొన్ని డిస్కులు తేవాలని అతని కోరిక. ప్లేయరు ధర మన రూపాయలలో ముప్ఫై వేల పైచిలుకు అవుతుందట; డిస్కు ఒక్కొక్కటి రెండు వేల వరకు ఉంటుందట. అంత ఖరీదైన ప్లేయరును ఇంట్లో ఉన్న 32 అంగుళాల టీవీకి తగిలిస్తే ప్రయోజనమేమిటి, 55 అంగుళాల టీవీని వాయిదాల మీద తీసుకుందాం అని చిన్న కుమారుని పట్టు. ‘ఆ కొత్త డిస్కులకు అంత విలువ ఉందా? కొంటే అది ఇస్రాఫ్ కిందికి వస్తుందా?’ అని ఆ సోదరి అడిగారు. ఉత్తరం ముగించి సలాము రాసిన తరువాత, అడుగున మరో రెండు వాక్యాలు చేర్చారు. 2005లో జరిగిన ఆమె ఆడపడుచు నికాహ్ వీసీడీలో, మరణించిన మామగారు చేసిన దుఆ ఉందట. ఆ డిస్కు మధ్యలో ఆగిపోతున్నదట. కొత్త ప్లేయరులో వేస్తే ఆడుతుందేమోనని ఆమె ఆశ.

ఏది చూడదగినది, ఏది కాదు అన్న విషయాన్ని ఇక్కడ ఎత్తుకోము. అది వేరుగా, తీరికగా చెప్పుకోవలసిన మాట. చూసేది హలాల్ పరిధిలోనిదే అనుకుని, ఖర్చు సంగతి మాత్రమే మాట్లాడుకుందాము.

యంత్రాల విషయంలో మా పరిజ్ఞానం స్వల్పం. అందుచేత మా వద్ద చదువుకుని, ఇప్పుడు టీవీల మరమ్మతు దుకాణం నడుపుతున్న ఒక పూర్వ విద్యార్థిని పిలిపించుకున్నాము. అతడు కొలత టేపు వెంటబెట్టుకుని వచ్చాడు. ఎందుకో అప్పుడు మాకు అర్థం కాలేదు.

వీసీడీ, డీవీడీ, బ్లూరే ఈ మూడూ పైకి ఒకే కొలత గల పళ్లాలు. మూడింటి మందమూ 1.2 మిల్లీమీటర్లే. తేడా అంతా చదివే వెలుగులో ఉంది. 1996లో జపానులో మొదలైన డీవీడీని 650 నానోమీటర్ల ఎర్రని లేజరు చదువుతుంది. 2006లో వచ్చిన బ్లూరేను 405 నానోమీటర్ల నీలి ఊదా లేజరు చదువుతుంది. సన్నని పాళీతో రాస్తే అదే కాగితంలో ఎక్కువ అక్షరాలు పట్టినట్లు, సన్నని వెలుగుకు ఎక్కువ సమాచారం పడుతుంది. ఒక పొర డీవీడీలో 4.7 గిగాబైట్లు పడితే, ఒక పొర బ్లూరేలో 25 పడతాయి. 2016లో వచ్చిన 4కె డిస్కులో 100 గిగాబైట్ల వరకు. చిత్రంలోని అడ్డగీతల లెక్క చూస్తే మన దేశపు డీవీడీలో 576, బ్లూరేలో 1080, 4కె డిస్కులో 2160. అంగడిలో మనకు వినిపించేది ఈ అంకెలే. అవి అబద్ధం కావు.

అయితే చూసే కంటికి కూడా ఒక లెక్క ఉన్నది. అతడు టేపు తీసింది ఇక్కడే. మా ఇంట్లో గోడకున్న టీవీ నుంచి మేము కూర్చునే చాప వరకు కొలిచాడు. ఎనిమిది అడుగులు తేలింది. మంచి చూపు గల మనిషి కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం కన్నా సన్నని వివరాన్ని విడదీయలేదు. ఆ లెక్కన ఎనిమిది అడుగుల నుంచి 32 అంగుళాల తెర మీద కన్ను విడివిడిగా పట్టగలిగేది సుమారు 560 గీతలు. డీవీడీలో ఉన్నవే 576! అంటే ఆ సోదరి ఇంట్లో ఉన్న టీవీకి, ఆ దూరంలో కూర్చునేవారికి, పాత డీవీడీయే కంటికి సరిపడా ఇస్తున్నది. 55 అంగుళాల తెర తెచ్చినా అదే దూరం నుంచి కంటికి అందేవి 960 గీతల వరకే. మామూలు బ్లూరేలోని 1080 గీతలే అక్కడ ఎక్కువ. ఇక 4కె డిస్కులోని గీతలన్నింటినీ కన్ను అందుకోవాలంటే, 55 అంగుళాల తెరకు మూడున్నర అడుగుల దూరంలో కూర్చోవాలి. ఇంటిల్లిపాది అంత దగ్గరగా ఎలా కూర్చుంటారో మాకు తోచలేదు.

న్యాయంగా చెప్పవలసిన మాట మరొకటి ఉంది. 4కె డిస్కు గొప్పదనం గీతల సంఖ్యలోనే లేదు. వెలుగునీడలు, రంగుల విస్తృతిలో కూడా ఉంది. చీకటిలోని వివరం, సూర్యకాంతిలోని మెరుపు అందులో నిండుగా కనబడతాయి. కాని ఆ మెరుపును చూపగల శక్తి టీవీకి ఉండాలి కదా. పెట్టె మీద ‘హెచ్‌డీఆర్’ అని అచ్చువేసిన చవక టీవీలలో చాలా వాటికి అంత వెలుగు లేదు. ఇంటర్నెట్ ద్వారా వచ్చే 4కె చిత్రానికి సాధారణంగా సెకనుకు 15 నుంచి 25 మెగాబిట్ల సమాచారం వస్తుంటే, డిస్కు నుంచి 128 మెగాబిట్ల వరకు రాగలదు. పెద్ద తెర, మంచి టీవీ, దగ్గరగా కూర్చునే వీలు ఉన్నవారికి ఈ తేడా నిజంగా తెలుస్తుంది. అలాంటివారు కొంటే వారి సొమ్ముకు తగిన వస్తువే దక్కుతుంది. ఆ సోదరి ఇల్లు అలాంటిది కాదు, మా ఇల్లు కూడా కాదు.

గల్ఫ్ నుంచి డిస్కులు తెచ్చేవారు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఇంకొకటి. డిస్కులకు ప్రాంతాల వారీ తాళాలు ఉంటాయి. డీవీడీలలో గల్ఫ్ దేశాలది 2వ ప్రాంతం, మనది 5వది. బ్లూరేలలో వారిది ‘బి’, మనది ‘సి’. అక్కడ కొన్న డిస్కు ఇక్కడ కొన్న ప్లేయరులో తెరుచుకోకపోవచ్చు. అక్కడి ప్లేయరు తెచ్చుకుంటే ఇక్కడి డిస్కులు మొరాయించవచ్చు. 4కె డిస్కులకు మాత్రం ఈ తాళం లేదు. కాని 4కె ప్లేయరులో మామూలు బ్లూరే, డీవీడీ వేసినప్పుడు పాత తాళాలు అలాగే ఉంటాయి. సెలవుకు వచ్చే పిల్లలు సామాను బరువు లెక్కపెట్టుకుంటూ తెచ్చినది ఇంటికొచ్చాక పనిచేయకపోతే ఆ నిరుత్సాహం ఎంతటిదో వేరే చెప్పాలా?

డిస్కుల రోజులు కూడా తగ్గుముఖం పట్టాయి. 2006లోనే బ్లూరేకు పోటీగా హెచ్‌డీ డీవీడీ అనేది వచ్చింది. 2008 ఫిబ్రవరిలో తోషిబా సంస్థ దానిని విరమించుకున్నది. రెండేళ్లు నిండకుండానే ఆ ప్లేయర్లు కొన్నవారు కొత్త డిస్కులు లేక మిగిలిపోయారు. బ్లూరే ఆ పోటీలో గెలిచింది గాని, శామ్‌సంగ్ సంస్థ 2019లో అమెరికా మార్కెట్టుకు కొత్త బ్లూరే ప్లేయర్లు తేబోనని చెప్పేసింది. ఖాళీ బ్లూరే డిస్కుల తయారీని సోనీ 2025 ఫిబ్రవరితో ఆపివేసింది. మన దేశంలో అయితే 2007 ప్రాంతంలో మోజర్ బేర్ సంస్థ వీసీడీని 28 రూపాయలకు, డీవీడీని 34 రూపాయలకు అమ్మిన కాలం మనకు గుర్తే. కిరాణా కొట్టులో సైతం డిస్కులు వేలాడేవి. ఇప్పుడు ఏ బజారులో దొరుకుతున్నాయి?

ఇక షరీఅత్ మాట. ఉసూలె ఫిఖ్‌హ్ చదివినవారికి ఇమామ్ షాతిబీ (రహ్మతుల్లాహి అలైహ్) వివరించిన మూడు అంతస్తులు తెలుసు: జరూరియాత్, హాజియాత్, తహ్‌సీనియాత్. లేకపోతే బతుకే సాగనివి మొదటివి; లేకపోతే ఇబ్బంది కలిగించేవి రెండవవి; జీవితానికి సొగసునిచ్చేవి మూడవవి. మంచి టీవీ, మంచి ప్లేయరు ఈ మూడవ కోవకు చెందినవి. మూడవ అంతస్తు నిషిద్ధమని ఎవరూ అనలేదు. కింది రెండూ నిలబడకుండా దానిని కట్టబోవడమే తప్పు. ఉలమాలు ఇస్రాఫ్‌కు, తబ్జీర్‌కు మధ్య కూడా తేడా చూపారు. ధర్మసమ్మతమైన దానిలో హద్దు మీరడం ఇస్రాఫ్. పెట్టకూడని చోట పెట్టడం తబ్జీర్. సూరా బనీ ఇస్రాయీల్ 26, 27 ఆయతులలో తబ్జీర్ గురించి ఎంత తీవ్రమైన హెచ్చరిక ఉందో మీరు చదివే ఉంటారు. సూరా ఫుర్ఖాన్ 67వ ఆయతు దుబారాకూ పిసినారితనానికీ నడుమ ఉండే దారిని చూపుతుంది. కనుక ‘టీవీ ఉన్నదా? అయితే ఇస్రాఫే’ అని తీర్పు చెప్పేవారితో మేము ఏకీభవించము. ఒకే వస్తువు ఒక ఇంటికి సొగసు, మరొక ఇంటికి దుబారా కావచ్చు. ఆ ఇంటికి అప్పు ఉందా, పెళ్లికి ఎదిగిన బిడ్డ ఉందా, హజ్ ఫర్జ్ అయి కూడా వాయిదా పడుతున్నదా, దగ్గరి బంధువు మందులకు ఇబ్బంది పడుతున్నాడా అన్నవే ముందు చూడవలసినవి. ఆ సోదరి ఇవేవీ రాయలేదు. ఆమెకు తెలుసు.

వాయిదాల సంగతి మాత్రం స్పష్టంగా చెప్పవలసి ఉంది. దుకాణదారుడే ‘నగదుకు ఇంత, వాయిదాలకు మొత్తం ఇంత’ అని చెప్పి, ఒప్పందం సమయంలోనే ఒక ధర ఖాయం చేసుకుని, ఆలస్యమైనా అందులో పైసా పెంచకపోతే, అత్యధిక ఫుఖహాల దృష్టిలో అది ధర్మసమ్మతమైన అమ్మకమే. ఇప్పుడు దుకాణాలలో ‘నో కాస్ట్ ఈఎంఐ’ పేరుతో జరిగేది చాలావరకు ఇది కాదు. అక్కడ అప్పు ఇచ్చేది బ్యాంకు. అది వడ్డీ వేస్తుంది. ఆ వడ్డీకి సరిపడా మొత్తాన్ని అమ్మకందారు ముందే తగ్గింపుగా చూపుతాడు. నెల నెలా వచ్చే కార్డు లెక్క తెరిచి చూడండి. ‘వడ్డీ’ అనే వరుస విడిగా ఉంటుంది, దాని మీద జీఎస్టీ మరొక వరుస. సున్నా శాతం వడ్డీ అనేది అసలు లేదని, అలాంటి పథకాలలో వడ్డీ వేరే రూపంలో దాగి ఉంటుందని మన రిజర్వు బ్యాంకే 2013లో బ్యాంకులను హెచ్చరించింది. సేల్స్ కుర్రవాడు ‘వడ్డీ లేదు సార్’ అన్నంత మాత్రాన ఒప్పందం మారదు. సంతకం పెట్టే ముందు ఆ కాగితం మీ ఊరి ముఫ్తీ సాహెబుకు చూపించండి. ఇంట్లో ఖుర్ఆన్ పారాయణం వినడానికే కదా అని కొన్న తెర వడ్డీ అప్పుతో గోడకెక్కితే ఏమనాలి?

పైగా ఈ వ్యవహారంలో అసలు కన్నా కొసరు ఎక్కువ. ప్లేయరుతో మొదలై టీవీ, టీవీతో కేబులు, ఆపైన స్పీకర్లు, ఆ తరువాత ఒక్కొక్కటి రెండు వేల డిస్కులు. పది డిస్కులకే ఇరవై వేలు. కుమారుడు కువైట్ ఎండలో సంపాదించినది.

డిస్కు అనే వస్తువు పట్ల మాకు చిన్నచూపు ఉందని అనుకోవద్దు. నిజానికి ఇంటర్నెట్ కన్నా డిస్కే పిల్లలున్న ఇంటికి మేలని మా అనుభవం. అందులో ఏముందో తల్లిదండ్రులకు ముందే తెలుస్తుంది. అయిపోగానే ఆగిపోతుంది; దాని వెంట మరొకటి, ఆ వెంట మరొకటి తనంతట తాను మొదలుకాదు. నడుమ సిగ్గుమాలిన ప్రకటన దూరదు. ఇషా నమాజు వేళకు నొక్కి ఆపితే ఆగుతుంది. ఆ మేలంతా అటక మీద ఉన్న పాత డీవీడీ ప్లేయరులోనే దొరుకుతుంది. దించి దుమ్ము దులిపితే చాలు.

ఇక ఉత్తరం అడుగున ఉన్న ఆ రెండు వాక్యాలు. మా పూర్వ విద్యార్థి అవి చదివి, ‘హజ్రత్, ముందు చూడవలసింది ఇదే’ అన్నాడు. కొత్త ప్లేయరు వచ్చినా ఆ వీసీడీ ఆడుతుందన్న హామీ లేదు. కొత్త ప్లేయర్లలో కొన్ని వీసీడీని గుర్తించనే గుర్తించవు. పైగా పెళ్లి వీడియోలు వాళ్లు ఇళ్లకు ఇచ్చేవి కంపెనీలో అచ్చొత్తినవి కావు, కంప్యూటరులో రాసినవి. వాటిలోని రంగు పొర ఎండకు, వేడికి క్రమంగా చెదిరిపోతుంది. కిందివైపు నున్నని ముఖం మీది గీతలనైతే మెరుగు పెట్టవచ్చు. పేరు రాసిన పైముఖం మీద గీత పడితే కష్టం, ఎందుకంటే సీడీ, వీసీడీలలో సమాచారపు పొర సరిగ్గా ఆ పైపూత కిందే ఉంటుంది. బాల్‌పెన్నుతో గట్టిగా తేదీ రాసినా నష్టమే.

అతడు చెప్పిన పద్ధతి ఇది. ఆ డిస్కును ఇక పదేపదే ప్లేయరులో వేసి చూడవద్దు. మెత్తని నూలుబట్టతో మధ్య నుంచి అంచు వైపు తుడవాలి, గుండ్రంగా కాదు. డిస్కు డ్రైవు ఉన్న కంప్యూటరులో పెట్టి, తక్కువ వేగంతో కాపీ చేయించాలి. ఒక డ్రైవు చదవలేనిది మరొకటి చదవవచ్చు, కనుక రెండు మూడింటిలో ప్రయత్నించాలి. వచ్చినంత మేరకు పెన్ డ్రైవులో ఒకటి, హార్డ్ డిస్కులో ఒకటి, దూరంగా ఉన్నవారి వద్ద ఒకటి ఉంచాలి. వీసీడీ చిత్రం మసకగానే ఉంటుంది, ఏ ప్లేయరూ లేని గీతలను సృష్టించలేదు. అయినా అందులో వినవలసింది మామగారి గొంతు కదా.

ఈ సంగతులన్నీ ఆ సోదరికి ఉత్తరం రాశాము. ఈ వ్యాసం పత్రికకు పంపే ముందు ఆమె జవాబు అందింది. ప్లేయరు తేవద్దని పెద్దబ్బాయికి చెప్పారట, అతడు కొంత నొచ్చుకున్నాడట. టీవీ విషయంలో చిన్నబ్బాయితో చర్చ ఇంకా సాగుతున్నదట. పట్టణంలోని ఒక స్టూడియోలో మూడవ డ్రైవు ఆ వీసీడీని చదివింది. నలభై నిమిషాలకు పైగా వచ్చింది. దుఆ చివరి భాగం రాలేదు. మామగారు వధూవరుల కోసం చేతులెత్తి అడుగుతుండగా బొమ్మ గడ్డకట్టుకుపోయింది, ఆ తరువాత కొన్ని క్షణాలు గొంతు మాత్రం వినబడుతుంది. ఒక కాపీ కువైట్‌కు చేరింది. తాతగారు పోయేనాటికి తనకు నాలుగేళ్లని, ఆ గొంతు ఎలా ఉంటుందో తనకు ఇప్పుడే తెలిసిందని అబ్బాయి ఫోనులో అన్నాడట.