ఖాళీ కాగితం మీద మొహరు

“సంతకం చేసి మొహరు వేసి ఇవ్వండి, తక్కినది మేము నింపుకొంటాము” అని మా బల్ల దగ్గరకు వచ్చేవారు తరచు ఉంటారు. కాదంటే ముఖం ముడుచుకుంటారు. అప్పుడల్లా మాకు బీదరు గుర్తుకు వస్తుంది.

బహమనీల మంత్రి మహమూదు గవాను పారశీక దేశపు గిలాను సీమవాడు. 1472లో బీదరులో మూడంతస్తుల మదరసా కట్టించాడు. అరబ్బీ, పారశీక భాషలు, మతశాస్త్రమే కాక గణితం, ఖగోళం కూడా అక్కడ చెప్పేవారు. విద్యార్థులకు బస, భోజనం ఉచితం. గ్రంథాలయంలో మూడు వేల వ్రాతప్రతులుండేవట. దక్కనుకు ఎక్కడెక్కడి పండితులనో రప్పించాలని ఆయన ఆశ. హీరాతులోని జామీ మహాకవితో ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపాడు. లేఖారచన గురించి ‘మనాజిరుల్ ఇన్షా’ అనే గ్రంథమే వ్రాశాడు.

అంతటివాని ప్రాణం తీసినదీ ఒక లేఖే. గిట్టనివారు ఖాళీ కాగితంపై ఆయన మొహరు వేయించి, గజపతికి వ్రాసిన ద్రోహలేఖగా నింపి సుల్తానుకు చూపారు. 1481లో కొండపల్లి విడిదిలో ఆ వృద్ధుని తల తీయించారు. నిజం తెలిసి సుల్తాను వగచి ఏమి లాభం? మరుసటి ఏడు ఆయనా పోయాడు.

1696లో మందుగుండు ప్రేలి మదరసా కొంత కూలింది. రెండు మీనారులలో ఒకటి, నీలి పలకలతో, నేటికీ నిలిచి ఉంది. బీదరు వెళితే చూచి రండి.

ఖాళీ కాగితం ఎవరు చాచినా, మొగమాటపడకండి.