ముష్టియుద్ధమున వర్ణభేదము

బలపరీక్షకు వర్ణభేదము తెలియదని పలువురు చెప్పుదురు. ముష్టియుద్ధ చరిత్ర యా మాటను సమర్థింపదు. 1908లో జాక్ జాన్సను మహాభార తరగతిలో జగజ్జెట్టి యయ్యెను. 1915లో నతడోడినది మొదలు 1937లో జో లూయీ గెలుచువరకు, ఆ బిరుదమునకై పోరాడుటకు నల్లజాతివారి కొక్కరికిని అవకాశ మీయబడలేదు. యోగ్యులు లేకపోలేదు. హారీ విల్సు ఏండ్ల తరబడి నిరీక్షించెను, ద్వారము తెరవబడలేదు.

మధ్యమభార తరగతిలో నీ కట్టును మొదట తెంచినవాడు జార్జియా రాష్ట్రమున పుట్టిన టైగర్ ఫ్లవర్సు. అతడు క్రైస్తవ దేవాలయమున డీకను. బరిలో నెడమచేతివాటము గల యోధుడు. 1926 ఫిబ్రవరి 26న న్యూయార్కులో 15 రౌండ్లు పోరాడి, హారీ గ్రెబ్బునుండి బిరుదము గైకొనెను. ఆగస్టులో నతనినే మరల గెలిచి, తొలి విజయము యాదృచ్ఛికము కాదని నిరూపించెను. డిసెంబరు 3న షికాగోలో 10 రౌండ్ల పోరాటానంతరము తీర్పరి మికీ వాకరును విజేతగా ప్రకటించెను. ఆ తీర్పు న్యాయమా యని నాడే పలువురు శంకించిరి. బిరుదమును మరల పొందకయే, 1927 నవంబరులో శస్త్రచికిత్స పిమ్మట ఫ్లవర్సు మరణించెను.

అతని వినయమును మెచ్చినవారు కొల్లలు. మేమును దానిని గౌరవింతుము. కాని హక్కునకు వినయము వెల యనుట కంగీకరింపజాలము. గర్విష్ఠుడైన తెల్లవానికి సైతము బరి తెరచియుండగా, నల్లవాడు మాత్రము సాధువై యుండవలె ననుట యేమి ధర్మము? యోగ్యతను బరిలో పరీక్షింపవలెను గాని, బరివాకిట కాదు.