గోధుమ మానేస్తే జొకోవిచ్ అవుతామా?

మా హాస్టలు మిత్రుడొకడు రాత్రిపూట చపాతీలు మానేశాడు. ఏమిరా అంటే, "జొకోవిచ్ గోధుమ ముట్టడు, తెలుసా?" అన్నాడు. తెలుసు. 2010 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో ఆయాసపడి ఓడిన తర్వాత, గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీను తన ఒంటికి పడదని వైద్యుడు చెప్పగా మానుకున్నాడాయన. 2011లో మూడు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచాడు. 2023లో, 36 ఏళ్ళ వయసులో, 24వది గెలిచాడు. కానీ పడనిది ఆయనకు! మావాడు చపాతీకి బదులు లాగిస్తున్న అన్నంలో గ్లూటెన్ లేని మాట నిజమే. పొద్దున ఎనిమిదింటి దాకా నిద్ర మాత్రం అలాగే ఉంది.

పెద్ద వయసు ఆటగాళ్ళ నుంచి మనం తిండి ఒక్కటే ఏరుకుంటాం. అది సులువు గనుక.

కూర్గు కాఫీ తోటల బిడ్డ రోహన్ బోపన్నను చూడండి. మోకాళ్ళలో మృదులాస్థి అరిగిపోయి, నొప్పి మాత్రలు మింగి ఆడేవాడు. తర్వాత అయ్యంగార్ యోగా పట్టాడు. తాళ్ళు, కుర్చీలు, దిండ్ల ఆసరాతో ఒక్కో ఆసనంలో నిమిషాల తరబడి నిలిచే సాధన అది. తొడ కండరం గట్టిపడితే మోకాలి మీద ఒత్తిడి తగ్గుతుంది. 2024 జనవరిలో, 43 ఏళ్ళకు, మాథ్యూ ఎబ్డెన్‌తో కలిసి ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచాడు.

మా నాన్నకు 48. గట్టు చెక్కి నడుమెత్తేసరికి మోకాలు పట్టుకుంటాడు. "వయసైపోయిందిరా" అని మాత్ర వేసుకుంటాడు. కష్టం చేసే ఒంటికి కసరత్తెందుకని నవ్వుతాడు. పొలం పని అరగదీస్తుందే గాని సరిచేయదని నా వాదన. వేసవి సెలవుల్లో కుర్చీలో కూర్చోబెట్టి కాళ్ళు చాపించాను. నాలుగు రోజులు చేసి వదిలేశాడు. సంక్రాంతికి వెళ్ళి మళ్ళీ మొదలెట్టిస్తాను.