పెద్ద అంగళ్లు - అగ్నిరక్షణ మినహాయింపులు

మన పట్టణములలో వర్తకపు రూపు మారినది. పూర్వము బట్టల వర్తకుడు వీథి ప్రక్కను పరుపు పరచుకొని కూర్చుండెడివాడు. నిప్పంటుకొన్నచో అమ్మువాడును కొనువాడును రెండడుగులలో వీథిలో నుండెడివారు. నేడు ఐదారంతస్తుల భవనములలో వస్త్రములు, నగలు, పాత్రలు, పచారీ సరకులు ఒకే కప్పు క్రింద విక్రయింపబడుచున్నవి. ఆషాఢపు తగ్గింపు ధరల దినములలోను, పెద్ద పండుగలకు ముందును జనులు బిడ్డలను చంకనెత్తుకొని పై అంతస్తులకు తండోపతండములుగా పోవుచున్నారు. ఇట్టి భవనములను కట్టువారు అగ్నిరక్షణ నిబంధనలనుండి తమకు మినహాయింపు లిండని అధికారుల నడుగుచుందురు. ఈ కోరికలలో న్యాయమెంత, అన్యాయమెంత యని నేడు విచారింప దలచితిమి.

వారు కోరునది సాధారణముగా నిట్లుండును. రెండవ మెట్లదారికి స్థలము చాలదు గనుక ఒక దానితో సరిపెట్టవలె నందురు. కట్టడముచుట్టును విడువవలసిన ఖాళీలో కొంత తగ్గింపు డందురు. అంతస్తును నిప్పునకోర్చు గోడలతో విభజించినచో సరకు కంటికింపుగా కనబడదు గనుక ఒకే విశాలమైన శాలగా నుంచనిం డందురు. బండ్లు నిలుపుటకై చూపిన నేలమాళిగను సరకుల కొట్టుగా మార్చుకొందు మందురు. భూమి వెల మండిపోవుచున్నదనియు, పాత కట్టడమునకు క్రొత్త నిబంధన పొసగదనియు, వందలమందికి పని కల్పించుచున్నామనియు వారి వాదము. మేము వర్తకమునకు శత్రువులము కాము. ఈ వాదములో కొంత సత్యము లేకపోలేదు. ప్రతి స్థలమునకును ఒకే కొలత సరిపడదు. కావున మినహాయింపు కోరుట తప్పని మే మనము. దేనికి బదులుగా కోరుచున్నారన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు నిబంధనలలోనే సమాధానము గలదు. 1970లో తొలిసారి వెలువడి, 2016లో సవరింపబడిన మన జాతీయ భవన నిర్మాణ నియమావళిని చూడుడు. దృఢమైన కట్టడము గల అంగడిలో ఏ మూల నిలుచున్నవాడైనను 30 మీటర్ల నడకలో బయటికి పోవు మార్గమును చేరవలెనని అది విధించుచున్నది. అయితే భవనమంతటను నిప్పు వేడికి తమంతట తామే నీటిని చిమ్ము గొట్టములు అమర్చినచో ఆ దూరమును సగము పెంచుకొన నిచ్చుచున్నది. అనగా 30 మీటర్లు 45 అగును. దూరము పెరిగినందుకు నీరు బదులు వచ్చినది. న్యాయమైన సడలింపున కిదియే మాదిరి. అమెరికా దేశమున పెక్కు రాష్ట్రములు అనుసరించు అంతర్జాతీయ అగ్ని నియమావళియు ఈ త్రోవనే త్రొక్కినది. ఆచరణలో కష్టమున్నచో అధికారి మార్పు నీయవచ్చును. కాని ఆ కష్టము ఆ కట్టడమునకే ప్రత్యేకమైనదై యుండవలెను. నిబంధన యొక్క ఉద్దేశము నెరవేరవలెను. ప్రాణరక్షణ రవంతయు తగ్గరాదు. ఆ వివరములన్నియు వ్రాతలో నుండవలెను. అధిక వ్యయమగు నన్నంత మాత్రమున ప్రాణరక్షణను తగ్గించు అధికారము ఎవరికిని లేదు.

మన రైతులకు ఈ సంగతి తెలియనిది కాదు. చెరువున కలుగు ఏల? సంవత్సరములో ముప్పాతిక దినములు అది ఎండి, ఏ పనియు చేయనట్లే యుండును. కట్టక్రింది ఆసామి యొకడు, “అలుగునొక మూరెడు ఎత్తుచేయుడు, నాకు మరి రెండెకరములు పండును” అని అడుగవచ్చును. అతని లెక్కలో తప్పు లేదు, పంట పండును. కాని పెనువాన కురిసిన రాత్రి కట్ట తెగినచో కొట్టుకొనిపోవునది అతని రెండెకరములు మాత్రమే కాదు, దిగువ నున్న ఊరంతయు. అంగడిలోని రెండవ మెట్లదారి అట్టి అలుగే. దాని నాక్రమించిన సరకు ప్రతిదినమును లాభము తెచ్చును. దాని అవసరము మాత్రము ఒక్క దినమున, ఒక్క నిమిషమున కలుగును.

బదులు లేని సడలింపు ఏమి చేయునో 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమాశాల చూపినది. క్రింది అంతస్తున విద్యుత్ పరివర్తకము అంటుకొని, పొగ పైకెగసి, 59 మంది ఊపిరాడక మరణించిరి. ఆ శాల చరిత్ర వెనుకకు పోయి చూడవలెను. 1976లో ప్రభుత్వము సినిమాశాలలలో ఆసనములు పెంచుకొనుటకు సడలింపు నిచ్చినది. దాని ననుసరించి ఉపహార్ బాల్కనీలో 43 ఆసనములు చేరినవి. 1979లో ఆ సడలింపు రద్దయినది. కాని ఆసనములలో 37 అట్లే నిలిచిపోయినవి. కుడివైపు త్రోవ అంతకు ముందే ఒక ప్రత్యేక పెట్టె కట్టుటచే మూతపడి యుండెను. రద్దయిన అనుమతి కాగితము నుండి తొలగినను కట్టడము నుండి తొలగలేదు. పదునెనిమిదేండ్ల పిమ్మట మృతులలో అధికులు ఆ బాల్కనీలోని వారే. యజమానుల దోషమును సుప్రీంకోర్టు 2014లో ధ్రువపరచినది. ఒక్కసారి యిచ్చిన మినహాయింపు ఎంతకాలము బ్రతుకునో, ఎవరిని చంపునో ఇచ్చిన అధికారి ఎరుగడు.

దూరము పోనక్కరలేదు. 2023 జనవరి 19న సికిందరాబాదు మినిష్టరు రోడ్డులో దుస్తుల, ఆటవస్తువుల అంగడి గల భవనము తగులబడి, లోనికి పోయిన ముగ్గురు పనివారు తిరిగి రాలేదు. రెండు నెలలు గడువకముందే, మార్చి 16న, అదే నగరమున స్వప్నలోక్ వర్తక సముదాయములో ఆరుగురు యువతీయువకులు పొగకు బలియైరి. వారు వరంగల్లు, ఖమ్మం ప్రాంతముల పల్లెలనుండి జీవనోపాధికై వచ్చినవారు. 2017 మే 31న చెన్నపట్టణము త్యాగరాయనగరులో ఏడంతస్తులకు తగ్గని పెద్ద వస్త్రశాల ఒక దినమునకు పైగా కాలి కొంత కూలినది. నిప్పు తెల్లవారుజామున పుట్టుటచే కొనువారు లోపల లేకపోయిరి. అదే సాయంకాలము పుట్టియున్నచో ఏమగునో తలచుకొనుటకే భయమగుచున్నది.

ఇట్టి సందర్భములలో ఒక వాడుక ప్రబలినది: తప్పు కట్టి, తరువాత రుసుము చెల్లించి క్రమబద్ధము చేసికొనుట. రుసుము కట్టినంతనే కాగితము క్రమబద్ధమగును గాని మెట్లు వెడల్పు కావు. ఖజానాకు చేరిన సొమ్ము పొగను ఆపదు.

మరి దొంగతనపు వాదము గలదు. వెనుక ద్వారము తెరచియుంచిన సరకు పోవునని వర్తకులు తాళము వేయుదురు. 2004 ఆగష్టు 1న పరాగ్వే రాజధాని అసున్సియోనులోని యొక పెద్ద అంగడిలో నిప్పు పుట్టగా, వెల చెల్లింపక పోవుదురను భయముచే తలుపులు మూయించిరి. మూడువందలకు పైబడిన జనులు మరణించిరి. యజమానికిని కావలివానికిని న్యాయస్థానము శిక్ష విధించినది. త్రోసిన వెంటనే గంట మ్రోగించి, 15 సెకనులలో తెరచుకొనునట్టియు, నిప్పు గంట మ్రోగినచో తక్షణమే విడిపోవునట్టియు తలుపులు లోకమున నున్నవి. సరకు కాచుటకు ఉపాయము లేకపోలేదు; ప్రాణము కాచు ఉద్దేశమే లేదు.

మినహాయింపు విచారణలో ఒకవైపున వర్తకుడు, మరియొకవైపున అధికారి కూర్చుందురు. ఎవరి ప్రాణమునకు ముప్పో ఆ కొనువారును, పై అంతస్తున దినమంతయు నిలుచుండి చీరలు విప్పి చూపు బాలికయు అక్కడ ఉండరు. మా అభిప్రాయమున ప్రభుత్వములు నాలుగు పనులు చేయవలెను. మొదటిది, మినహాయింపు అర్జీలను ముందుగా ప్రకటించి పౌరుల ఆక్షేపణలు వినవలెను. రెండవది, తగ్గించిన రక్షణకు సమానమైన బదులు రక్షణను నిర్మించి, పరీక్షించి చూపిన పిమ్మటనే అంగడి తెరువనీయవలెను. మూడవది, మినహాయింపునకు గడువుండవలెను. వాడుక మారినను, అంతస్తు పెరిగినను అది రద్దు కావలెను. నాలుగవది, ఏ నిబంధనను ఎవరు ఏ కారణముచే సడలించిరో తెలుగులో వ్రాసి అంగడి వాకిట తగిలింపవలెను. చెప్పుటకు సిగ్గుపడవలసిన సడలింపు ఇయ్యదగినది కాదు.

స్థలములను అంగళ్లకు బాడుగ కిచ్చు ఆసాములును మా పాఠకులలో గలరు. బాడుగ పత్రము వ్రాయించునప్పుడే రెండవ మెట్లదారి, తాళము లేని ద్వారము, సరకు నింపని నేలమాళిగ షరతులుగా చేర్పింపుడు. పట్టణవాసులకు మా మనవి వేరు. చీర రంగు చూచుటకు ముందు బయటికి పోవు దారి చూచుకొనుడు. అది కనబడనిచో ఎక్కడ నున్నదని యజమానిని అందరు వినునట్లు అడుగుడు. ఇల్లు కాలునప్పుడు నూయి త్రవ్వుట అవివేకమని అందరు నెరుగుదురు. ఉన్న నూతిని సరకుకై పూడ్చుకొందుమని అర్జీ పెట్టుకొన్నవానికి సెలవిచ్చుట అంతకంటె అవివేకము.