రాబర్ట్ జాన్సన్ గురువు సైతాను కాదు

బ్లూస్ గిటారిస్టు రాబర్ట్ జాన్సన్ పేరెత్తితే చాలు, ఎవరో ఒకరు ఆ కథ మొదలుపెడతారు. అర్ధరాత్రి నాలుగు దారుల కూడలికి వెళ్లాడట, సైతానుకి ఆత్మ అమ్ముకున్నాడట, తెల్లారేసరికి గిటార్ వచ్చేసిందట. మొన్న మా క్లాసులో ఒక కుర్రాడు కూడా ఇదే చెప్పాడు, కళ్లు మెరుస్తుండగా. నాకు మాత్రం ఈ కథ వింటే ఒళ్లు మండుతుంది.

జాన్సన్ 1911లో మిసిసిపీలో పుట్టాడు. మొదట్లో అతను గిటార్ పట్టుకుంటే సన్ హౌస్ లాంటి పెద్ద వాద్యకారులు నవ్వేవాళ్లు. ఊరొదిలి కొంతకాలం కనబడకుండా పోయాడు. తిరిగొచ్చి వాయిస్తే నవ్వినవాళ్లే నోరెళ్లబెట్టారు. మధ్యలో జరిగిందేమిటి? ఐక్ జిమ్మర్‌మన్ అనే నల్లజాతి గిటారిస్టు ఇంట్లో ఉండి నేర్చుకున్నాడు. రాత్రిళ్లు ఇద్దరూ శ్మశానంలో కూర్చుని సాధన చేసేవాళ్లు. దయ్యాల కోసం కాదు, అక్కడైతే ఎవరి నిద్రా చెడదు గనక! గ్రామఫోన్ రికార్డులు వినీ వినీ, పియానో మీద ఎడమచేయి చేసే పనిని గిటార్ మందర తీగల మీదికి తెచ్చుకున్నాడు. వింటుంటే ఇద్దరు వాయిస్తున్నట్టుంటుంది. అది వేళ్లు కాయలు కాసిన చాకిరీ.

డప్పు వాయిద్యాన్ని మెచ్చుకుంటూ 'వాళ్ల రక్తంలోనే ఉందండీ' అంటారు చూడండి, అదీ ఇలాంటిదే. పొగుడుతున్నట్టే ఉంటుంది. నేర్చుకున్న ఏళ్లూ, నేర్పిన మనిషీ మాయమైపోతారు.

నిజానికి ఆ కూడలి కథ ముందు టామీ జాన్సన్ అనే ఇంకో గాయకుడిది. చెప్పింది అతని తోడబుట్టినవాడే. నల్లవాళ్లలో అలాంటి నమ్మకం లేదని నేననను. కానీ దాన్ని రాబర్ట్‌కి అంటించి ఊరూరా తిప్పింది తర్వాతి కాలపు రాక్ రచయితలు, అభిమానులు.

1936లో శాన్ ఆంటోనియోలో, 1937లో డల్లస్‌లో కలిపి 29 పాటలు రికార్డు చేశాడు. 1938 ఆగస్టులో గ్రీన్‌వుడ్ దగ్గర చనిపోయాడు. 27 ఏళ్లు. మరణ ధ్రువపత్రంలో కారణం రాయాల్సిన చోట 'డాక్టర్ లేడు' అని ఉంది. ఆ డిసెంబరులో న్యూయార్క్ కార్నెగీ హాల్ వేదిక మీద, మనిషి లేక, అతని రికార్డులు వినిపించారు. 1990లో వచ్చిన పూర్తి సంకలనం పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది.

సైతాను గురించి ఇంత మాట్లాడేవాళ్లు రాని ఆ డాక్టర్ గురించి ఎందుకు మాట్లాడరు?

జిమ్మర్‌మన్ ఒక్క రికార్డూ చేయలేదు. అతను ఎలా వాయించేవాడో ఇప్పుడు వినే దారి లేదు. ఆ కుర్రాడి నోట్‌బుక్‌లో అతని పేరు రాసిచ్చాను.