అతికిద్దామా... మార్చేద్దామా?

అనంతగిరి కొండ ఎక్కుతుంటే మొదలైంది ఆ చప్పుడు. పెడల్ మీద గట్టిగా కాలు వేసినప్పుడల్లా 'టిక్కు'మంటోంది. గొలుసుకి నూనె వేశాడు, పెడళ్లు బిగించాడు, సీటు ఊడదీసి మళ్లీ పెట్టాడు. అయినా పోలేదు. ఆ తర్వాతి ఆదివారం వాకిట్లో సైకిల్ కడుగుతుంటే కనపడింది... సీటు గొట్టమూ పైగొట్టమూ కలిసేచోట, అతుకు పక్కనే, వెంట్రుకంత సన్నటి గీత. గీరుకుపోయిందేమోనని స్పిరిట్‌తో తుడిచాడు. గీత పోలేదు సరికదా, గోరుకి తగిలింది. పగులే!

ఆ సైకిల్ మామూలుది కాదు. గచ్చిబౌలిలో పనిచేసే ఆ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు 2007లో, అమెరికాలో ఉన్న రోజుల్లో, తోటి ఉద్యోగి దగ్గర కొనుక్కున్న టైటానియం సైకిల్. తిరిగొచ్చేటప్పుడు సోఫాలూ టీవీ అమ్మేసి దీన్ని మాత్రం అట్టపెట్టెలో తెచ్చుకున్నాడు.

ఇంట్లో తీర్పులు వెంటనే వచ్చేశాయి. 'ఈ వయసులో పడితే ఎముకలు అతకవు. కొత్తది కొనుక్కోండి' అంది భార్య. తండ్రి మాత్రం, 'దీనికింత ఆలోచనెందుకురా, వెల్డింగ్ షాపులో ఇస్తే అరగంట పని' అన్నారు. ఆయన ఊరికే అనలేదు. ఆయన తొక్కిన అట్లాస్ సైకిలుకి ఓసారి గొట్టం చీలితే ఊళ్లో ఇత్తడితో అతికించారు. ఆ తర్వాత పదేళ్లు తొక్కారు.

ఉక్కుతో ఉన్న సుఖమే అది. ఇత్తడి కరిగే వేడికి మామూలు సైకిల్ గొట్టం పెద్దగా పాడవదు. టైటానియం అలా కాదు. బరువు చూస్తే ఉక్కులో 60 శాతం కూడా ఉండదు, తుప్పు పట్టదు, విమానాల్లోనూ తుంటికీళ్లలోనూ వాడతారు... అంతా నిజమే. కానీ వేడెక్కితే దానికి గాలి పడదు. నాలుగైదు వందల డిగ్రీలు దాటిందంటే చుట్టూ ఉన్న ఆక్సిజన్‌నీ నైట్రోజన్‌నీ పీల్చుకుని పెళుసైపోతుంది. అందుకే వెల్డింగ్ చేస్తున్నంతసేపూ, వేడి చల్లారేదాకా, గొట్టానికి బయటా లోపలా ఆర్గాన్ వాయువు నింపి ఉంచాలి. పని ఎలా జరిగిందో అతుకు రంగే చెప్పేస్తుంది. వెండిలా మెరుస్తూనో లేత గడ్డిరంగులోనో ఉంటే ఫర్వాలేదు. నీలం తిరిగిందంటే అనుమానించాలి. బూడిదరంగో తెల్లపొడో కనిపిస్తే దానిమీద ఎక్కకపోవడమే మేలు.

హైదరాబాద్‌కి ఈ లోహం కొత్తేం కాదు. 1973లో కంచన్‌బాగ్‌లో పెట్టిన మిధానిలో టైటానియం మిశ్రమాలు తయారవుతాయి. రసాయన పరిశ్రమలకు టైటానియం పరికరాలు చేసిచ్చే వర్క్‌షాపులూ దేశంలో ఉన్నాయి. వాళ్లకి ఆర్గాన్ పని బాగా తెలుసు. అయితే సైకిల్ గొట్టం మందం ఒక మిల్లీమీటరుకి అటూ ఇటూ. అతికాక చక్రాలు ఒకే వరసలో నిలవాలి. అదో వేరే విద్య!

పోనీ కొత్త ఫ్రేమ్ కొంటే? పేరున్న కంపెనీది రెండు మూడు వేల డాలర్లు. లెక్క అక్కడితో ఆగితే బాగుండు. పాత ఫ్రేములో వెనక చక్రం ఇరుసుకి 130 మిల్లీమీటర్ల చోటుంటే, ఇప్పటివాటిలో చాలావరకు 142. అప్పటివి రిమ్ముని పట్టే బ్రేకులు, ఇప్పటివి డిస్కులు. అంటే చక్రాలు, ఫోర్కు, బ్రేకులు అన్నీ మార్చాలి. ఇంటికి కొత్త తలుపు పెట్టబోతే గోడే కొట్టాల్సొచ్చినట్టు! ఇక 'లైఫ్‌టైమ్ వారంటీ' అంటారా... సాధారణంగా అది మొదట కొన్నవారికే. ఈయన రెండో యజమాని.

అసలు తేల్చుకోవాల్సింది ఖర్చు కాదు, పగులు ఎక్కడుంది, ఎందుకొచ్చింది అని. హ్యాండిల్ దగ్గర కిందిగొట్టం చీలితే బేరాల్లేవు. కొండ దిగేటప్పుడు అది విరిగితే చేతిలో హ్యాండిల్ మాత్రమే మిగులుతుంది. సీటు దగ్గరి పగులు చాలాసార్లు ముందే చప్పుడు చేసి చెబుతుంది. అలాగని దానిమీద తొక్కొచ్చని కాదు. ఏ కారణమూ కనపడకుండా ఏళ్ల తరబడి తొక్కుడుకి అతుకు అలసి చీలిందంటే, ఒకచోట అతికించినా రేపు ఇంకోచోట రావచ్చు. అలాంటిదానికి డబ్బు పోయడం దండగ.

మరి ఇక్కడ? కారణం కనిపెట్టింది తండ్రే. 'సీటు ఇంత ఎత్తు పెట్టావేంట్రా?' అన్నారు. సీటు కింది కడ్డీ బయటికి లాగి చూస్తే, లోపల ఉన్నది ఆరున్నర సెంటీమీటర్లు! అమ్మిన మనిషి పొట్టి, ఈయన ఆరడుగులు. కడ్డీ మీద 'కనీసం ఇక్కడిదాకా' అని కంపెనీ గీసిన గీత మునిగే ఉంది, అందుకే ఎప్పుడూ అనుమానం రాలేదు. కానీ ఆ గీత కడ్డీ విరక్కుండా చూసేందుకు. ఫ్రేమ్ బాగుండాలంటే కడ్డీ అతుకు దాటి ఇంకో రెండు మూడు సెంటీమీటర్లయినా కిందికి దిగాలి. దిగకపోవడంతో గతుకు వచ్చినప్పుడల్లా గునపంతో పెకలించినట్టు అతుకు మీదే బరువు పడింది.

కారణం దొరికింది కాబట్టి బాగుచేయించడమే సరని తేలింది. అదీ పగులు మీద వెల్డింగ్ పూత పూయించడం కాదు, సీటు గొట్టమే మార్పించడం. అమెరికాలో ఇలాంటి పని చేసేవాళ్లు కొన్ని వందల డాలర్లు తీసుకుంటారు, రానుపోను రవాణా అదనం. మరమ్మతుకే పంపుతున్నట్టు కస్టమ్స్ కాగితాలు ముందే పెట్టుకోవాలి. లేకుంటే తిరిగొచ్చేటప్పుడు కొత్త సరుకుకి లాగే సుంకం కట్టమనొచ్చు. ఈ మొత్తం విని భార్య ఒకే ఒక్క షరతు పెట్టింది... వచ్చాక మొదటి నెల కొండలు వద్దని.

ఫ్రేమ్ వెళ్లింది. చక్రాలు బాల్కనీ గోడకి వేలాడుతున్నాయి. సీటుకి కొత్త కడ్డీ మాత్రం అప్పుడే వచ్చేసింది, పాతదానికంటే పది సెంటీమీటర్లు పొడవు.